పట్టని మాట

రూహ్ను దీవి నుంచి మైము ఫోన్ చేసేసరికి
రాత్రి రెండుంబావు.
కురెస్సారె ఆస్పత్రి నేలమాళిగలో నేనొక్కణ్ణే.
సర్వర్ల రొద, చల్లారిన కాఫీ,
కిటికీ లేని గోడకి ఎవరో అంటించిన కిటికీ బొమ్మ.

"కనెక్ట్ అయింది కల్యూ. ఆకుపచ్చ తాళం వెలిగింది.
పేరు కనిపిస్తోంది, పుట్టిన తేదీ కనిపిస్తోంది.
పాత ఈసీజీ తెరవమంటే మాత్రం
చక్రం తిరుగుతూనే ఉంది."

పక్క గదిలో ఎండెల్. డెబ్బై ఎనిమిదేళ్లు, ఛాతీలో బరువు.
ఇప్పుడే తీసిన కాగితం ఆమె చేతిలో ఉంది,
అందులో ఒక వంకర.
అది ఈ రాత్రి పుట్టిందా, ఎప్పటి నుంచో ఉన్నదా
చెప్పగలిగింది మా దగ్గరున్న పాత కాగితమే.
కొత్తదైతే హెలికాప్టర్.
ఆ గాలికి హెలికాప్టర్ దిగుతుందో లేదో
ఇద్దరం పైకి అనుకోలేదు.

అడగవలసినవి అడిగాను.
పాస్‌వర్డ్ సరే. గడియారం సరే.
అడ్రస్ ఇచ్చామా, ఇచ్చాం. దారి చూపామా, చూపాం.
పింగ్ పంపితే వెళ్లి వచ్చింది,
పక్కింటి పిల్లాడిని కేకేసినంత సులువుగా.

ఒకప్పుడు మోడెమ్ ఉండేది.
తీగలో గీపెట్టేది, గరగరలాడేది,
నొప్పి ఎక్కడో ఆ అరుపులోనే తెలిసేది.
చెవితో రోగం కనిపెట్టేవాళ్లం.
ఈ వీపీఎన్ అరవదు.
సొరంగం కదా,
లోపల ఏది కూలినా పైన గడ్డి కదలదు.

"మైమూ, మొన్నటి తుఫానుకి మీ టవర్..."
"పడిపోయింది. మంగళవారం నుంచి పాత రేడియో లింకు మీదే ఉన్నాం."

పింగ్‌ని లావు చేసి పంపాను.
పద్నాలుగు వందల డెబ్బై రెండు. మౌనం.
పద్నాలుగు వందలు. మౌనం.
పదమూడు వందల యాభై.
వచ్చింది.

చిన్న మాటలు దాటుతున్నాయి.
పేరు చిన్న మాట. పుట్టిన తేదీ చిన్న మాట.
నాలుగేళ్ల కిందటి గుండె పెద్ద మాట.
సొరంగం ప్రతి ఉత్తరానికీ ఇంకో కవరు తొడుగుతుంది,
ఆ లావుతో అది పాత లింకు సందులో పట్టదు.

పట్టనప్పుడు దారిలోని రౌటర్ ఊరుకోదు.
"నాకిది పెద్దదయింది, చిన్నవి చేసి పంపండి" అని
చీటీ రాసి వెనక్కి పంపిస్తుంది.
యంత్రమే అయినా దానికా మర్యాద ఉంది.
మరి ఆ చీటీ ఏమైంది?

ఫైర్‌వాల్ రూల్స్ తెరిచాను.
నలభై ఒకటో లైను:
పింగ్ తప్ప ఆ జాతి చీటీలేవీ లోపలికి రానివ్వద్దు.
పక్కన తేదీ, అక్టోబరు పద్నాలుగు.
తేదీ పక్కన పేరు.
నా పేరే.

ఆడిట్ వాళ్లు వస్తున్నారని వేశాను. మెచ్చుకున్నారు కూడా.
కంచే చేను మేసిందంటారు గానీ
కంచె వేసినవాడి పళ్లు ఎవరూ చూడరు.

లైను తీసేశాను.
అనుమానం తీరక సొరంగం కొలత కూడా తగ్గించాను.
"ఇప్పుడు చూడు."

అవతల కీబోర్డు చప్పుడు. గాలి. ఒక దగ్గు.
"వచ్చింది," అంది,
ఆ తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.
నేను గోడ మీది కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

"అదే వంకర, కల్యూ. అప్పుడూ ఇలాగే ఉంది.
డాక్టరుతో మాట్లాడి తెల్లారేదాకా నేనే కూర్చుంటాను."
వెనక ఎండెల్ అడుగుతున్నాడు,
హెలికాప్టర్ రానట్టయితే
ఇక బూట్లు విప్పెయ్యొచ్చా అని.

"ఇంతకీ ఏమైందంటావు?"
"ఒక రూలు అడ్డం వచ్చింది," అన్నాను.
"ఎవరు పెట్టారట?"

రెండే రెండక్షరాలు.
ఏ సందులోనైనా పట్టేంత మాట.
నోరు దాటలేదు.